కాలు నేల తగిలితే

గుర్రమెక్కి ఆడే పోలో ఆటను గురించి మన చదువరులు వినే ఉంటారు. అది రాజులదీ, దొరలదీ, కలిగినవారిదీ. సైకిలెక్కి ఆడే పోలో కూడా ఒకటి ఉన్నదని మాత్రం మన సంఘంలో పదిమందికి ఒకరికైనా తెలియునో లేదో. మాకూ మొన్నమొన్నటిదాకా దాని పేరు తెలియదు. పేరు తెలియకుండానే చిన్నతనంలో ఆ ఆట ఆడినాము. ఆ సంగతి చివర చెప్పవలసి వస్తుంది.

మా అన్నగారి అబ్బాయి జర్మనీలో పై చదువు చదువుతున్నాడు. ప్రతి ఆదివారం రాత్రి ఫోనులో ముఖం చూపించి మాట్లాడడం వాడికి అలవాటు. ఒక ఆదివారం ఫోను రాలేదు. సోమవారం పొద్దున వచ్చినది. చూస్తే మోచేయి దోక్కొనిపోయి ఉన్నది, కంటి కింద నల్లగా కమిలి ఉన్నది. మా వదిన కేక పెట్టింది.

“ఏం లేదమ్మా, సైకిలు పోలో ఆడేదానికి స్విట్జర్లాండుకు పోయింటిమి. శని, ఆదివారాలు రెండు రోజులు. ఇప్పుడే వచ్చినాము” అన్నాడు.

మా అన్న ఆ ముఖం వంక చూసి, “అప్పు చేసి పంపింది ఆటలకా?” అని ఒక్కమాట అని లేచి డ్యూటీకి పోయినాడు. తరువాత మూడు వారాలు కొడుకుతో మాట్లాడలేదు.

మధ్యవర్తిత్వం మాకు తప్పలేదు. ఆ మూడు వారాలూ రాత్రిపూట వాడిని కూర్చోబెట్టి సంగతులన్నీ అడిగినాము. వాడి జతగాళ్లు ఇద్దరితో కూడా మాట్లాడినాము. ఒకడు జర్మనీ కుర్రవాడు, రెండవది పోలండు పిల్ల. వాళ్ల ఇంగ్లీషు సగం మాకు అందలేదు, మా ఇంగ్లీషు సగం వాళ్లకు అందలేదు. నడుమ గుంటలు మావాడు పూడ్చినాడు. ఆ ముగ్గురి మాటలే ఈ వ్యాసం.

ముందు ఆట పుట్టుక కొంచెం చెప్పుకొందాము. గుర్రం పోలో మన వైపు పాతదే. ఢిల్లీ సుల్తాను కుతుబుద్దీన్ ఐబక్ 1210లో లాహోరులో ఆ జాతి ఆట ఆడుతూనే గుర్రంమీదినుంచి పడి చనిపోయినాడు. తేయాకు తోటల ఇంగ్లీషువారు మణిపురీలను చూసి ఆట నేర్చుకొని 1859లో సిల్చారులో క్లబ్బు పెట్టినారు. గుర్రాన్ని తీసివేసి సైకిలు పెట్టినవాడు ఐర్లండు దేశస్థుడు రిచర్డ్ మెక్రీడీ. సైకిలు పందేలలో పేరుపడినవాడు, సైకిళ్ల పత్రిక నడిపినవాడు. 1891లో విక్లో జిల్లాలో ఆయన ఈ ఆట మొదలుపెట్టినాడు. 1908లో లండను ఒలింపిక్సులో దీనిని ప్రదర్శనగా ఆడితే ఐర్లండు జర్మనీని మూడు గోల్సుకు ఒకటిగా ఓడించినది. మన దేశంలో 1966లో సైకిల్ పోలో సమాఖ్య ఏర్పడినది. పచ్చికమీద జట్టుకు నలుగురు, ఏడున్నర నిమిషాల చుక్కర్లు నాలుగు. వాయుసేన, టెరిటోరియల్ ఆర్మీ జట్లు ఇందులో పేరు తెచ్చుకొన్నవి.

మావాడు ఆడేది దీనికి చిన్న తమ్ముడు. అమెరికాలోని సియాటిల్ నగరంలో 2000 ప్రాంతాన, సైకిళ్లమీద కాగితాలు, పొట్లాలు బట్వాడా చేసే కుర్రవాళ్లు పనికీ పనికీ నడుమ ఖాళీ దొరికితే సిమెంటు నేలమీద ఆడడం మొదలుపెట్టినారు. పచ్చిక అక్కరలేదు, క్లబ్బు అక్కరలేదు. ఎనిమిదేండ్లు తిరిగేసరికి, 2008లో, టొరంటోలో ప్రపంచ పోటీలు జరిగినవి. 2010లో బెర్లిన్‌లో, 2012లో జెనీవాలో జరిగినవి. కూలికి సైకిలు తొక్కేవాళ్లు పుట్టించిన ఆట కాబట్టి ఖర్చు తక్కువ. మంచుమీద జారేవాళ్లు ఊతగా పట్టే అల్యూమినియం కర్రకు కొసన గట్టి ప్లాస్టిక్ గొట్టం ముక్క బిగిస్తే అదే బ్యాటు. బంతి గట్టి ప్లాస్టిక్‌ది. కుడిచేతిలో బ్యాటు, ఎడమచేతిలో హ్యాండిలు, బ్రేకు. చక్రాల పుల్లల్లో బంతి దూరకుండా పలుచని బిళ్ల బిగించుకొంటారు.

జట్టుకు ముగ్గురు. ఆడవాళ్లు, మగవాళ్లు కలిసే ఆడతారు. బంతిని నడుమ పెట్టి, మూడు లెక్కపెట్టగానే రెండు వైపులనుంచి ఒక్కొక్కరు దూసుకువస్తారు. ముందు ఐదు గోల్సు వేసినవారిది, లేదా గడువు ముగిసేసరికి ఎక్కువ వేసినవారిది గెలుపు. గొట్టం కొసతో కొట్టితేనే గోలు, పక్కతో తోసితే లెక్కలేదు. ఇక అన్నిటికంటె ముఖ్యమైన నిబంధన ఒకటి. ఆటలో కాలు నేల తగలరాదు. తగిలితే ఆటగాడు ఆట వదలి, నడిమి గీత దగ్గర అంచుకు పోయి, అక్కడ బ్యాటుతో తట్టి వచ్చినదాకా బంతి ముట్టరాదు. పెద్ద పోటీల్లో రెఫరీ చూస్తాడు. చిన్నచోట్ల ఎవరి కాలికి వారే కాపలా.

శుక్రవారం రాత్రి మూడు సైకిళ్లు రైల్లో వేసుకొని బయలుదేరినారు. హోటలు లేదు. వచ్చిన జట్లను ఆ ఊరి ఆటగాళ్లే తమ ఇళ్లలో పడుకోబెట్టుకొంటారట. ముందూ వెనుకా తెలియని ఇంట్లో, వంటింటి గడపలో చాప పరుచుకొని పడుకొన్నారు. మా వదిన కట్టి పంపిన బొరుగులు, పుట్నాల పొడి మావాడి సంచిలో ఉండినవి. శనివారం పొద్దున ఇంట్లోవాళ్లకూ, అదే ఇంట్లో దిగిన మరొక జట్టుకూ కలిపి ఎనిమిదిమందికి ఉగ్గాని చేసిపెట్టినాడు. నిమ్మకాయ పిండినాడు, మిరపకాయలు మాత్రం తగ్గించినాడు.

పోలండు పిల్ల మాతో చెప్పిన మాట ఇది. “మా ఊళ్లో ఆడేటప్పుడు జట్లు ఉండవు. అందరి బ్యాట్లు నేలమీద కుప్పపోసి, ఒకరు కండ్లు మూసుకొని మూడు ఈ పక్కకు, మూడు ఆ పక్కకు విసురుతారు. ఎవరి బ్యాటు ఎటు పడితే వారు అటు. నేను ఈ దేశం వచ్చినప్పుడు నాకు ఇక్కడి మాట రాదు. నా బ్యాటు కుప్పలో పడిన రోజునుంచి మాట అక్కరలేకపోయింది.” మేము చిన్నప్పుడు పంటలు వేసుకొన్నది జ్ఞాపకం వచ్చినది. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసినది మొదలు, ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం మాట్లాడుకొంటూ వచ్చిన కుటుంబాలు మనవి. ఆ పిల్ల చెప్పినది మనకు అర్థం కానిది కాదు.

జర్మనీ కుర్రవాడు చెప్పినది వేరు. “ఓడిపోవడం మాకు అలవాటు. అంతకుముందు రెండు పోటీలకు పోయి ఒక్క ఆటా గెలవలేదు. ఈసారి ఒక్కటి గెలిస్తే చాలుననుకొన్నాము.”

శనివారం ఐదు ఆటలు. మొదటి మూడూ పోయినవి. కంటి కింద దెబ్బ రెండవ ఆటలో ఒకరి మోచేయి తగిలి వచ్చినది. నాలుగవ ఆట, ఉదయం కలిసి ఉగ్గాని తిన్న జట్టుతోనే. చెరి నాలుగు గోల్సు. గడువు నిమిషంలోపు ఉన్నది. మావాడు బంతి తీసుకొని అంచు వెంట పోతూ మలుపులో ఒరిగినాడు. ఎడమ కాలు నేల తగిలింది. రెప్పపాటే, మళ్లీ పెడలుమీదికి వచ్చింది. ఎదుట గోలు ఖాళీగా ఉన్నది. కొట్టినాడు. పడింది. గెలిచినారు. ఎవరూ ఏమీ అనలేదు.

“చెబుదామనే అనుకొంటిని చిన్నాయనా. ఆ పిల్ల సైకిలు కింద పడేసి ఎగిరి గంతేసింది. ఇక నోరు రాలేదు” అన్నాడు మావాడు.

ఐదవ ఆట ఓడినారు. ఆ రాత్రి పోలండు పిల్ల వాళ్ల అమ్మకు ఫోనుచేసి గెలిచినామని చెప్పుకొన్నది. ఆదివారం ఓడినవారు తప్పుకొనే ఆటలు. రెండు ఓడి మధ్యాహ్నానికే బయటపడినారు. ఓడినవాళ్లు ఊరికే కూర్చోరట, గోలు దగ్గర జెండా పట్టుకొని తీర్పు చెప్పే పని చేస్తారట. మావాడిని ఒక గోలు దగ్గర నిలబెట్టినారు. “ఒక్కొక్కరు కాలు తగలగానే ఎవరూ చెప్పకముందే అంచుకు పోయి తట్టి వస్తుంటే, జెండా పట్టుకొని చూస్తూ నిలబడినాను” అన్నాడు. సాయంత్రం ఆ జట్టును వెదకితే, వాళ్లు మధ్యాహ్నం రైలుకే వెళ్లిపోయినారు.

తిరుగు ప్రయాణంలో రైల్లో జతగాళ్లకు చెప్పినాడు. పోలండు పిల్లకు కోపం వచ్చినది. “అప్పుడే చెప్పవలసింది, లేకుంటే ఎప్పుడూ చెప్పకుండా ఉండవలసింది. నేను మా అమ్మకు ఏమని చెప్పేది?” అన్నదట. జర్మనీ కుర్రవాడు కిటికీవైపు తిరిగి, “నేను చూశాను. నాకూ ఒక్కటి గెలవాలని ఉండింది” అన్నాడట. అటు తరువాత మూడు గంటల ప్రయాణం ఎవరూ మాట్లాడలేదు.

ఈ సంగతి మాకు చెప్పిననాడు మా అన్న పక్కగదిలో ఉన్నాడు. నిద్రపోయినాడనుకొన్నాము. లేచివచ్చి, మూడు వారాల తరువాత మొదటిసారి ఫోను చేతికి తీసుకొన్నాడు. “వాళ్ల అడ్రసు తెలుసునా?” అన్నాడు. “తెలుసు నాయనా.” “అయితే ఉత్తరం రాయి. మీ జతగాళ్ల పేర్లు ఎత్తవద్దు. నీ కాలు సంగతి నువ్వు రాయి.” అంతే. ఫోను మాకిచ్చి బయటి అరుగుమీద కూర్చున్నాడు.

మాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఇక్కడ మా సంగతి చెప్పవలసి వస్తున్నది.

ముప్పై ఐదేండ్లనాటి మాట. అప్పటికి మన ప్రక్కన ఉక్కు ఫ్యాక్టరీ రాలేదు. మా అన్నకు పదిహేనేండ్లు, మాకు పన్నెండు. బాడుగ సైకిలు ఒకటి, మా నాయన సైకిలు ఒకటి, చేతుల్లో జామకర్రలు, పాత టెన్నిసు బంతి. ఎర్రమట్టి బయలులో ఆడినాము. ఓడిపోతున్నామనే ఉక్రోషంతో మేము అన్న సైకిలు ముందు చక్రంలో కర్ర దూర్చినాము. అన్న తలక్రిందుగా పడినాడు, కుడివైపు కంటెముక విరిగింది. ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష మూడు వారాలున్నది. నాయన అడిగితే, “రాయి తగిలి పడినాడు” అన్నాము. ఆ ఏడు పరీక్ష పోయినది. మరుసటి ఏడు రాసి ప్యాసయినాడుగాని కాలేజీకి పోలేదు, పనిలో చేరినాడు. దానికి అదొక్కటే కారణమనలేము, ఇంటి ఇబ్బందులూ ఉండినవి. కాదనీ అనలేము. మేము గుమాస్తాగా ఇన్నేండ్లు లెక్కలు రాసినాము, ఒక పద్దు మాత్రం తప్పుగానే ఉంచుకొన్నాము.

లేచి అరుగుమీదికి పోయి, “అన్నా, ఆనాడు రాయి కాదు” అన్నాము. మా అన్న చాలాసేపు ఏమీ అనలేదు. ఫ్యాక్టరీ వెలుతురు ఆకాశంలో ఎర్రగా ఉన్నది. చివరకు, “జామకర్ర గట్టిది. చక్రం పుల్లలు మూడు పోయినాయి, కర్ర విరగలేదు” అన్నాడు. లేచి లోపలికి పోయి పడుకొన్నాడు. క్షమించినాడో లేదో మాకు తెలియదు. మరునాడు పొద్దున మాత్రం ఎప్పటివలెనే కాఫీకి కేకవేసినాడు.

మావాడి ఉత్తరానికి తొమ్మిది రోజులకు జవాబు వచ్చినది. కాలు తగిలినది తమకు గుర్తులేదనీ, ఆ ఉదయం తిన్న పసుపుపచ్చని బొరుగుల వంట ఎట్లా చేయాలో రాసి పంపవలసినదనీ రాసినారు. మా వదిన నవ్వి నవ్వి కండ్లు తుడుచుకొన్నది. మావాడికి మాత్రం అంత తేలిక కాలేదు. “గుర్తులేదంటే గోలు రద్దయినట్టా, చిన్నాయనా?” అని అడిగినాడు. మేమేమి చెప్పగలము!

మొన్న సెలవులకు వచ్చినప్పుడు వాడు బయలులో ఆరుగురు పిల్లలను పోగుచేసినాడు. వెదురు కర్రలు, టెన్నిసు బంతి. హెల్మెట్టు లేనివాడిని ఆటలో చేర్చలేదు. చక్రాలకు అట్టబిళ్లలు కట్టించినాడు. కర్రలు కుప్పపోసి విసిరినారు. తెలుగువాడు ఏ పక్క, కన్నడంవాడు ఏ పక్క అని చూసినవారు లేరు. నడిమి గీతకు గుర్తు అంచున ఉన్న వేపచెట్టు. కాలు తగిలినవాడు పోయి దానిని తట్టి రావలె.

రెండవ రోజు సాయంత్రం మా అన్న డ్యూటీ దిగి, టిఫిను క్యారియరు చేతిలో ఉండగానే వచ్చి గోలు పక్కన బండమీద కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు. పావుగంట చూసినాడు. కొడుకు బంతి తీసుకొని మలుపు తిరిగి ఒరిగినాడు. “కాలు!” అని మా అన్న అరచిన అరుపుకు వేపచెట్టుమీది కాకులు లేచినవి. మావాడు బంతి వదిలి, నవ్వుతూ పోయి చెట్టును తట్టి వచ్చినాడు.

సంఘంవారికి మా మనవి ఒకటి. ఈసారి ఉగాది ఆటల పోటీలలో దీనికి ఒక గంట కేటాయించగలరా? చదునైన నేల, ఆరు సైకిళ్లు, ఆరు హెల్మెట్లు చాలును. గోలు దగ్గర కూర్చొనేదానికి మనిషి దొరికినాడు.