ఇన్‌స్పైర్ మనక్: మీ పిల్లల ఐడియాకు రూ.10 వేలు.. స్కూల్లో ఏం అడగాలి?

మీ పాప ఇంట్లో వస్తువులు విప్పి చూస్తూ, ‘ఇది ఇలా కాకుండా అలా ఉంటే బాగుండేది కదా’ అంటోందా? విసుక్కోకండి. ఆ మాటే ఒక కాగితం మీద రాసి సైన్స్ టీచర్‌కు ఇమ్మనండి. ఐడియా ఎంపికైతే నమూనా తయారీకి కేంద్రం రూ.10,000 ఇస్తుంది.

పథకం పేరు ఇన్‌స్పైర్ మనక్. కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కలిసి నడుపుతున్నాయి. ప్రభుత్వ స్కూళ్లకే అనుకుంటారు చాలామంది. ప్రైవేటు స్కూళ్లకూ ఉంది. మొదట 6 నుంచి 10వ తరగతి వరకే ఉండేది, తర్వాత 11, 12 తరగతులనూ చేర్చారు.

అసలు చిక్కు ఎక్కడంటే, తల్లిదండ్రులు నేరుగా దరఖాస్తు చేయలేరు. స్కూలే ఈ-మియాస్ పోర్టల్‌లో నమోదై, హెడ్మాస్టర్ పేర్లు పంపాలి. అదీ పరిమితంగానే. హైస్కూలు నుంచి సాధారణంగా అయిదు ఐడియాలు. స్కూలు పట్టించుకోకపోతే మీ పాప ఐడియా ఎంత మంచిదైనా నోట్‌బుక్‌లోనే ఉండిపోతుంది. నామినేషన్లు మామూలుగా స్కూళ్లు తెరిచాక మొదలవుతాయి. కాబట్టి తొలి పేరెంట్స్ మీటింగ్‌లోనే ‘ఈసారి పంపుతున్నారా?’ అని అడగండి.

ఎలాంటి ఐడియా? యూట్యూబ్‌లో చూసిన అగ్నిపర్వతం మోడల్, షాపులో కొన్న రెడీమేడ్ ప్రాజెక్టు పనికిరావు. కొత్తదనం ఉందా, జనానికి ఉపయోగమా, పర్యావరణానికి హాని లేదా, వాడటం తేలికా, ఇప్పుడున్న వస్తువు కన్నా మెరుగా అని చూస్తారు. స్టార్టప్ పెట్టేవాళ్లను అడిగే ప్రశ్నలూ దాదాపు ఇవే. మోకాళ్ల నొప్పులున్న నానమ్మ మెట్లెక్కే అవస్థ, ఇస్త్రీ బండి అతను ఎండలో పడే పాట్లు.. పిల్లలు కళ్లారా చూసిన ఇబ్బంది నుంచి మొదలుపెట్టించండి. మీరు మాత్రం తయారు చేసిపెట్టకండి. ప్రదర్శనలో పిల్లలే వివరించాలి. ఇంజినీరు నాన్న చేసిచ్చిన సర్క్యూట్ గురించి రెండో ప్రశ్నకే తడబడతారు.

డబ్బు విద్యార్థి బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఖాతా పనిచేస్తోందా, పేరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ సరిగ్గా ఇచ్చారా చూసుకోండి. ఆ తర్వాత జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి ప్రదర్శనలు ఉంటాయి. పథకం లెక్క ప్రకారం దేశమంతటా లక్ష ఐడియాలకు సాయం అందితే, జాతీయ స్థాయికి చేరేవి వెయ్యి. అక్కడిదాకా వెళ్లకపోయినా వచ్చిన రూ.10,000తో చేసిన నమూనా మీ పాపదే.

మీ స్కూలు ఇప్పటివరకు నమోదే కాలేదా? జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో జిల్లా సైన్స్ అధికారిని కలవమని హెడ్మాస్టర్‌కు చెప్పండి.