కాలి నొప్పి ఎప్పుడొస్తోంది, దేనితో తగ్గుతోంది?

పిక్కలు నొప్పిగా ఉన్నాయంటే మన ఇళ్లలో చేసేవి రెండు మూడు పనులే. నువ్వుల నూనె వెచ్చచేసి మర్దన చేస్తాం, కాళ్ల కింద దిండు పెట్టుకుని పడుకుంటాం, తగ్గకపోతే మందుల షాపు నుంచి నొప్పి బిళ్ల తెచ్చుకుంటాం. మామూలు అలసటకు ఇవి చాలు. కానీ మోకాలికీ చీలమండకీ మధ్య వచ్చే నొప్పులన్నీ ఒకే రకం కావు. కండరం, ఎముక, ధమని, సిర, నాడి వీటిలో దేనికి ఇబ్బంది కలిగినా మనకు తెలిసేది నొప్పిగానే. చికిత్సలు మాత్రం వేరు, కొన్నిసార్లు పూర్తిగా విరుద్ధం. ఒకరికి నడకే మందు, మరొకరికి విశ్రాంతే మందు. ఒకరికి కాలు ఎత్తిపెడితే హాయి, ఇంకొకరికి అలా పెడితేనే బాధ పెరుగుతుంది. అందుకే నొప్పి ఎంత ఉందనే దానికన్నా ఎప్పుడు వస్తోంది, ఏం చేస్తే తగ్గుతోంది అన్నవి ముఖ్యమైన ప్రశ్నలు.

నడిస్తే వస్తుంది, ఆగితే తగ్గుతుంది

కొంత దూరం నడవగానే పిక్క బిగుసుకుపోతుంది. కాసేపు నిలబడితే కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. మళ్లీ దాదాపు అంతే దూరం నడిస్తే మళ్లీ వస్తుంది. మనుషుల్లో ఈ లక్షణాన్ని 1858లో ఫ్రెంచ్ వైద్యుడు షార్కో వర్ణించాడు. నడిచేటప్పుడు పిక్క కండరాలకు రక్తం ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి. ధమని లోపలి గోడలో కొవ్వు పేరుకుని దారి సన్నబడితే, కూర్చున్నప్పుడు సరిపోయిన రక్తం నడకకు చాలదు. చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవారిలో, షుగర్ ఉన్నవారిలో ఈ జబ్బు ఎక్కువ.

దీన్ని పట్టుకునే పరీక్ష చాలా తేలిక. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తారు. వచ్చిన సంఖ్య 0.9 లేదా అంతకన్నా తక్కువైతే ధమనుల్లో అడ్డంకి ఉన్నట్టే. షుగర్ రోగుల్లో ధమనులు గట్టిపడి ఈ సంఖ్య ఎక్కువగా కనిపించవచ్చు కాబట్టి వారికి ఇతర పరీక్షలూ అవసరం కావచ్చు. కాలి ధమని పూడుకుంటోందంటే గుండె, మెదడు ధమనులకూ అదే ముప్పు పొంచి ఉన్నట్టు. దీనికి చికిత్స పొగ మానడం, కొలెస్ట్రాల్ తగ్గించే మందులు, రక్తకణాలు అతుక్కోకుండా చూసే మందులు, వాటితోపాటు నడక. నొప్పి బాగా వచ్చేదాకా నడవాలి, ఆగాలి, తగ్గాక మళ్లీ నడవాలి. డాక్టరు సలహాతో ఇలా వారానికి మూడుసార్లు, 30 నుంచి 45 నిమిషాల చొప్పున 12 వారాలు చేస్తే నొప్పి లేకుండా నడవగలిగే దూరం పెరుగుతుంది. అవసరమైనవారికి స్టెంట్ గానీ బైపాస్ గానీ చేస్తారు.

ఇలాంటి నొప్పే నడుములో వెన్నుపాము కాలువ ఇరుకైనా వస్తుంది. తేడా ఏమిటంటే, ఆగి నిలబడినంత మాత్రాన అది తగ్గదు. కూర్చోవాలి, లేదా ముందుకు వంగాలి. ఈ రోగులు నాలుగడుగులు వేయలేకపోయినా సైకిల్ తొక్కగలుగుతారు. పిరుదు నుంచి తొడ వెనకగా పిక్కలోకి జారే నొప్పి అయితే సయాటికా కావచ్చు. ఈ రెండిటికీ మూలం నడుములోనే ఉంది, కాలికి ఎంత మర్దన చేసినా ఫలితం ఉండదు.

నిలబడితే వస్తుంది, కాలెత్తితే తగ్గుతుంది

కాళ్లలోని రక్తం భూమ్యాకర్షణను ఎదిరించి పైకి పోవాలంటే పిక్క కండరాలు పంపులా పనిచేయాలి. సిరల్లోని కవాటాలు ఆ రక్తం వెనక్కి జారకుండా ఆపుతాయి. కవాటాలు పాడైతే రక్తం కిందే నిలుస్తుంది. సాయంత్రానికి కాళ్లు బరువెక్కి పీకుతాయి, నీలి సిరలు మెలికలు తిరిగి ఉబ్బుతాయి. బట్టల దుకాణాల్లో, తరగతి గదుల్లో, కూడళ్లలో గంటల కొద్దీ నిలబడే ఉద్యోగుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. కాళ్లు ఎత్తి పడుకోవడం, నడక, బిగుతు మేజోళ్లు ఉపశమనమిస్తాయి. లేజర్ వంటి చికిత్సలూ ఉన్నాయి. అయితే ధమనులు బాగున్నాయని తేలాకే ఆ మేజోళ్లు వేసుకోవాలి. అసలే రక్తం అందని కాలిని బిగిస్తే పుండ్లు పడే ప్రమాదం ఉంది.

ఒక్క కాలే వాచి, వెచ్చబడి, పిక్క నొప్పి పెడుతుంటే లోతైన సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. ఆపరేషన్, కాన్పు, పిండికట్టు, క్యాన్సర్, సుదీర్ఘ ప్రయాణం ఇందుకు దారితీసే పరిస్థితులు. నాలుగు గంటలకు మించి కదలకుండా ప్రయాణిస్తే ఈ ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన తేల్చింది. అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దలు విమానంలో మధ్యమధ్య లేచి నడవాలి, కూర్చున్నచోటే పాదాలు ఆడించాలి. గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే ప్రాణం పోవచ్చు. కాబట్టి అలాంటి కాలికి మర్దన చేయవద్దు. డాప్లర్ స్కాన్‌తో నిర్ధారించి, సాధారణంగా కనీసం మూడు నెలలు రక్తం గడ్డకట్టకుండా మందులు ఇస్తారు.

పరుగుతో వచ్చేది, రాత్రి లేపేది

పోలీసు ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగుకు హడావుడిగా సిద్ధమయ్యే యువతకు మోకాలి కింద, ఎముక లోపలి అంచు పొడవునా నొప్పి వస్తుంటుంది. పరుగు తగ్గించి, ఐసు పెట్టి, మంచి బూట్లు వేసుకుంటే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. వేలితో చూపగలిగేంత ఒక్కచోటే నొప్పి ఉండి, విశ్రాంతిలోనూ బాధిస్తుంటే మాత్రం ఎముకలో సన్నని పగులు ఏర్పడి ఉండవచ్చు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు. అప్పుడు ఎమ్మారై అవసరమవుతుంది. ‘అలవాటైతే తగ్గుతుందిలే’ అని పరుగెత్తితే ఎముక పూర్తిగా విరిగిపోవచ్చు.

రాత్రి నిద్రలో పిక్క పట్టేస్తే మోకాలు చాచి, పాదం వేళ్లను మనవైపు లాగాలి. పడుకునేముందు ఇలా సాగదీయడం అలవాటు చేసుకుంటే ఈ బాధ తగ్గవచ్చు. రెండు పాదాల్లోనూ మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉంటే అది షుగర్ వల్ల నాడులు దెబ్బతిన్న సూచన కావచ్చు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారు బి12 పరీక్ష కూడా చేయించుకోవాలి.

ఆలస్యం చేయకూడనివి

కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, స్పర్శ పోయినా, దెబ్బ తగిలాక పిక్క రాయిలా బిగిసి నొప్పి భరించలేకపోయినా, కాలి వాపుతో పాటు ఆయాసం వచ్చినా, నడుము నొప్పితో పాటు మూత్రం బందైనా తక్షణం పెద్దాసుపత్రికి వెళ్లాలి. రక్తం అందని కండరం ఆరు గంటలు దాటితే కోలుకోవడం కష్టం.

మిగతా నొప్పులకు డాక్టరు దగ్గరికి వెళ్లేముందు నాలుగు సంగతులు రాసి తీసుకెళ్లండి: ఒక కాలా రెండు కాళ్లా, ఏం చేస్తే వస్తోంది, ఏం చేస్తే తగ్గుతోంది, ఏయే మందులు వాడుతున్నారు. ఖరీదైన స్కాన్‌ల కన్నా ముందు జబ్బు ఎక్కడుందో చెప్పేవి ఈ జవాబులే.