గాజు పెట్టెలో పట్టని పుట్టి

వస్తువులతో చరిత్ర చెప్పాలంటే రాయీ రాగీ చాలవు. పెన్నాగరం పక్కన కావేరిలో తిరిగే వెదురు పరిసల్‌నూ సాక్షిగా పిలవాలి.

ఏటా మే 18, మ్యూజియం దినోత్సవం దగ్గర పడుతోందంటే పత్రికలకు పాత వస్తువులు గుర్తొస్తాయి. ఈ ముఖచిత్ర కథనానికి సంపాదకులు ఇచ్చిన అంశమూ అదే. 2010లో బ్రిటిష్ మ్యూజియం డైరెక్టర్ నీల్ మెక్‌గ్రెగర్ బీబీసీ రేడియోలో వంద వస్తువులతో ప్రపంచ చరిత్ర చెప్పినప్పటి నుంచి ఈ పద్ధతికి గిరాకీ పెరిగింది. రాజుల వంశావళి పక్కన పెట్టి ఒక గొడ్డలి, ఒక నాణెం, ఒక కుండ చూపించి మనుషులెలా బతికారో చెప్పడం మంచి పనే. పేచీ ఒక్కటే. ఇక్కడ సాక్ష్యం చెప్పే అర్హత మన్నికను బట్టి వస్తోంది. రాయి, కంచు, కాల్చిన మట్టి మిగిలాయి. వెదురు, తోలు, తాడు చీకిపోయాయి. వాటితో పొట్టపోసుకున్నవాళ్లూ కథలోంచి జారిపోయారు. ఈ లోపం ఎంతటిదో, దిద్దుకునే దారేదో తమిళనాడులోని ధర్మపురి జిల్లా పెన్నాగరం వైపు చూస్తే తెలుస్తుంది.

పెన్నాగరం నుంచి ఘాట్ దిగితే హొగెనక్కల్. కర్ణాటక నుంచి వచ్చిన కావేరి ఇక్కడ బండల మధ్య పాయలుపాయలుగా చీలి దూకుతుంది. ఆ పాయల్లో తిరిగేది పరిసల్. కృష్ణా తుంగభద్రల మీద మనం పుట్టి అనేది దీన్నే. వ్యాసం ఏడడుగుల పైచిలుకు, ఎక్కేది ఎనిమిది మంది, అల్లడానికి ఒక రోజు. వెదురు బద్దలను నేలమీద అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా పరిచి అడుగు అల్లుతారు. మిగిలిన కొసలను పైకి వంచి చుట్టూ అల్లుకుంటూ పోయి అంచు బిగిస్తారు. బయట ఒకప్పుడు తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా, తారు. అడుగు చదును కాబట్టి తక్కువ లోతులోనూ తేలుతుంది. పలకల పడవ పగిలే చోట ఇది బండకు తగిలి కాస్త వంగి సర్దుకుంటుంది. ముందువైపు కూర్చుని తెడ్డుతో నీళ్లను తనవైపు లాక్కోవడం చేతకాకపోతే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. పని అయ్యాక ఒక్క మనిషి దాన్ని తలమీద బోర్లించుకుని నడిచిపోగలడు. ఇవన్నీ కలిపి చదివితే పుట్టి ఈ నదికి దస్తావేజు. లోతెంత, బండలెన్ని, ఒడ్డున ఏం పండుతుంది, ఎంత పెట్టుబడి ఉన్నవాడు జనాన్ని దాటిస్తాడు, అన్నీ అందులో ఉన్నాయి.

బాగానే ఉంది, దీనికి తేదీ ఏదని చరిత్రకారుడు అడుగుతాడు. ఇవాళ నీళ్లలో ఉన్న పరిసల్ వయసు మహా అయితే కొన్నేళ్లు. తేదీ కోసం ఒక మట్టి పలక దగ్గరికి వెళ్లాలి. బ్రిటిష్ మ్యూజియంలోని క్యూనిఫాం లిపి పండితుడు ఇర్వింగ్ ఫింకెల్ 2014లో దాని గుట్టు పుస్తకంగా వేశాడు. క్రీ.పూ. 1900-1700 మధ్య బాబిలోనియాలో రాసిన పలక, అరచేతిలో ఇమిడేంత, 60 పంక్తులు. జలప్రళయం రాబోతోంది, పడవ కట్టుకో అని దేవుడు మనిషికి చెప్పే కథ. ఆ పడవ గుండ్రంగా ఉండాలట. అడుగు వైశాల్యం ఇప్పటి కొలతల్లో 3,600 చదరపు మీటర్లు, గోడ ఎత్తు 6 మీటర్లు. నారతాడును బుట్టలా చుట్టలు చుట్టి కుట్టాలి, పైన తారు పూయాలి. తాడెంత కావాలో కూడా రాశారు: దాదాపు 527 కిలోమీటర్లు. అంత బుట్టకు నిజంగా ఎంత తాడు పడుతుందని గణితంతో సరిచూస్తే తేడా నూటికి ఒకటి దగ్గర తేలింది. అంటే అది నోటికొచ్చిన అంకె కాదు. పుట్టి అల్లేవాడి లెక్కను తెచ్చుకుని రాతగాడు దాన్ని ప్రళయానికి సరిపడా పెంచాడు. దేవుడూ ప్రళయమూ కవివైతే కావచ్చు, తాడు లెక్క మాత్రం పనివాడిది. ఆ పనివాడి పేరు పలక మీద లేదు. ఇరాక్ పుట్టిల కొలతలకు ఫింకెల్ ఆసరా చేసుకున్నవాటిలో జేమ్స్ హార్నెల్ రాతలున్నాయి. ఆ హార్నెల్ మద్రాసు ప్రెసిడెన్సీ మత్స్యశాఖ డైరెక్టర్‌గా చేసినవాడు, దక్షిణ భారత పుట్టిల మీద 1933లో వ్యాసం రాసినవాడు. పలక చెప్పిన పడవను చిన్న కొలతలో ఒక టీవీ చిత్రం కోసం కేరళలో కట్టించారు. తేలింది, కానీ నీళ్లు కారింది. దొరికిన తారు నాసిరకం. కొలతలు రాతలో మిగిలాయి, తారు సంగతి తెలిసిన చేయి మిగల్లేదు.

ఇంతమాత్రాన కావేరి పుట్టి బాబిలోను నుంచి వచ్చిందనడం, లేదా మనమే వాళ్లకు నేర్పామని జబ్బలు చరుచుకోవడం తొందరపాటు. వాళ్లది చుట్టిన తాడు, ఇక్కడిది అల్లిన వెదురు. వేల్స్‌లోనూ వియత్నాంలోనూ ఇలాంటివి ఉన్నాయి. పోలిక చుట్టరికానికి రుజువు కాదు. అవసరం ఒకటే అయినప్పుడు చేతులు ఒకే దారి పట్టడానికి మాత్రం రుజువే. బాబిలోను వెళ్లే గుండ్రటి తోలు పడవల్లో ఒక్కో గాడిదను కూడా ఎక్కించేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. సరుకు దిగాక చట్రం అక్కడే అమ్మి, తోళ్లు గాడిద మీద వేసుకుని కాలినడకన తిరిగొచ్చేవారు, ఎదురీదడం కుదరదు గనక. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, లోపల బెత్తం బయట తోలు ఉన్న పుట్టిలలో పదిహేను ఇరవై మంది దాటడం, అవి తిరుగుతూ పోవడం గుర్తుపెట్టుకుని రాశాడు. 1803 మరాఠా యుద్ధంలో ఇంగ్లీషు సేనాని ఆర్థర్ వెల్లెస్లీ కూడా సైన్యాన్ని నదులు దాటించడానికి బుట్ట పడవలే చేయించాడు. సామ్రాజ్యాలు మారినా రేవులో పరికరం మారలేదు.

పెన్నాగరం చరిత్రంటే మామూలుగా చెప్పేది ఇదీ: తగడూరు (ఇప్పటి ధర్మపురి) రాజధానిగా అదియమాన్లు, తర్వాత పల్లవులు, నొళంబులు, చోళులు, హొయ్సళులు, విజయనగరం, మైసూరు. 1791లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడి కోట పట్టారు. 1792 శ్రీరంగపట్నం ఒప్పందంతో ఈ వైపు నేల, అంటే బారామహల్, ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. తర్వాత రాయలసీమను కొలిచిన థామస్ మన్రో శిస్తు లెక్కలు నేర్చింది ఈ నేల మీదే. 1965లో సేలం నుంచి ధర్మపురి వేరు జిల్లా అయింది. ఇందులో ఏరు దాటించినవాడు ఎక్కడా కనబడడు.

ఇక అన్నిటికన్నా గట్టి అభ్యంతరం: ప్లాస్టిక్ పట్టా చుట్టిన పరిసల్ పాత వస్తువు ఎలా అవుతుంది? జపాన్‌లోని ఇసే ఆలయాన్ని ఇరవై ఏళ్లకోసారి కొత్త కలపతో తిరిగి కడతారు, 2013లోనూ కట్టారు. దాన్ని ఎవరూ నకలు అనరు. పదార్థం మారినా పని మారకపోతే పరంపర ఉన్నట్టే. పైగా తోలు పోయి ప్లాస్టిక్ రావడమూ చరిత్రే, రేవు దాటించే బండి పర్యాటకుల షికారుగా మారడమూ చరిత్రే. వీరుడి గుర్తుగా నిలిపే వీరగల్లు అతను చనిపోయిన రోజు దగ్గర ఆగిపోతుంది, పుట్టి నిన్నటి దాకా రాసుకుంటూనే వచ్చింది. అందుకే మ్యూజియం ఒక పరిసల్ కొని గాజు పెట్టెలో పెట్టినంత మాత్రాన చాలదు, వెదురు పురుగు పట్టిపోతుంది. అల్లగలవాడికి ఏటా ఒక రోజు కూలీ ఇచ్చి, జనం ముందు అల్లించి, బద్ద ఎంపిక నుంచి తారు కాపు దాకా కొలతలతో రాసిపెట్టాలి. ఇరాక్ నదుల మీద పుట్టిలు కనుమరుగయ్యాక పండితులు పుస్తకాలు వెతుక్కోవాల్సి వచ్చింది. మనకు ఇంకా మనిషే ఉన్నాడు.

హేమావతి బంధం

ధర్మపురి ప్రభుత్వ మ్యూజియంలో వీరగల్లులు చూడొచ్చు. ఆవుల మందల కోసం పోరాడి చచ్చినవాళ్ల రాళ్లే ఈ ప్రాంతంలో ఎక్కువ. ధర్మపురిని ఏలిన నొళంబుల రాజధాని ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలోని హేమావతి. మహేంద్ర నొళంబుడి కాలపు 893 నాటి కన్నడ శాసనం ధర్మపురిలో దొరికింది. హేమావతి శిల్పాలు కొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి.

నీళ్లెక్కువైతే

వరద పెరిగితే జిల్లా అధికారులు పరిసల్‌లను ఆపేస్తారు. హొగెనక్కల్‌కు ఎగువన ఉన్న బిలిగుండ్లు కొలత కేంద్రమే కావేరి వాటాలకూ ఆధారం. 2018 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు, కర్ణాటక తమిళనాడుకు అక్కడ ఏటా 177.25 టీఎంసీలు విడవాలంది.