రెండు గడియారాల తమాషా

బాలలూ! లండన్‌లో పగలు 11 గంటలకు విమానమెక్కినవాడు న్యూయార్కులో మధ్యాహ్నం 2 గంటలకు దిగాడనుకోండి. సుమారు 5,540 కిలోమీటర్లు 3 గంటల్లోనేనా? కాదు. న్యూయార్కు గడియారం సాధారణంగా లండన్ గడియారానికి 5 గంటలు వెనుక ఉంటుంది. ఆ అయిదూ కలిపితే అసలు ప్రయాణం 8 గంటలు.

తిరుగు ప్రయాణంలో రాత్రి 8 గంటలకు బయలుదేరి, మరునాడు ఉదయం 8 గంటలకు లండన్ చేరాడు. పన్నెండులో అయిదు తీసివేస్తే 7 గంటలే!

దూరం అదే గదా, గంట ఎలా తగ్గింది? సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున పడమటినుంచి తూర్పుకు పెనుగాలి వీస్తుంది. పోయేటప్పుడు అది ఎదురుగాలి. వచ్చేటప్పుడు, ఏటివాలున పోయే పడవను నీరు తోసినట్లు, విమానాన్ని తోస్తుంది. 2020 ఫిబ్రవరిలో ఆ గాలి మరీ ఉద్ధృతమై, ఒక విమానం 5 గంటలైనా పట్టకుండానే లండన్ చేరింది.

కనుక ప్రయాణం లెక్కకు దూరమొక్కటే చాలదు. గడియారాన్నీ, గాలినీ కూడా చూడాలి.