స్కాన్ చేయించుకున్నవారిని దూరం పెట్టాలా? ఐసోటోపులపై అపోహలు – వాస్తవాలు

అపోహ: బోన్ స్కాన్ చేయించుకున్న మనిషి పక్కన కొన్ని వారాలు కూర్చోకూడదు.

వాస్తవం: సికింద్రాబాద్‌లోనైనా మరెక్కడైనా ఈ స్కాన్‌కు సాధారణంగా వాడేది టెక్నీషియం-99ఎం. దాని అర్ధాయువు 6 గంటలు. ఉదయం 10 గంటలకు ఇంజెక్షన్ ఇస్తే సాయంత్రం 4కు సగమే ఉంటుంది, రాత్రి 10కి పావు, మర్నాడు అదే వేళకు 16వ వంతు. మూత్రంలో పోయేది అదనం, అందుకే నీళ్లు బాగా తాగమంటారు. ఆ రోజుకు పసిపిల్లలను ఎక్కువసేపు ఎత్తుకోకుండా, గర్భిణులకు కాస్త ఎడంగా ఉంటే చాలు. జబ్బుతో నలిగిన మనిషికి వారాల తరబడి వేరే కంచం పెట్టడం అన్యాయం.

థైరాయిడ్ కేన్సర్‌కు ఇచ్చే అయోడిన్-131 సంగతి వేరు. దాని అర్ధాయువు 8 రోజులు, మోతాదూ పెద్దది. అక్కడ డాక్టరు చెప్పినన్ని రోజులు విడిగా ఉండి తీరాలి. రెండింటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం, చిక్కంతా అక్కడే.

అపోహ: ఐసోటోపులన్నీ రేడియేషన్ వెదజల్లుతాయి.

వాస్తవం: ప్రోటాన్లు సమానంగా ఉండి న్యూట్రాన్ల సంఖ్య మారితే ఐసోటోపులే. మనం తాగే నీటిలో కొద్దిగా ఉండే హైడ్రోజన్ ఐసోటోపు డ్యుటీరియం ఏ రేడియేషనూ ఇవ్వదు. మణుగూరు భారజల కర్మాగారానికి కావలసింది అదే.

అపోహ: ఆసుపత్రులు, అణు విద్యుత్ కేంద్రాలు దాటితే వీటితో మనకు పని లేదు.

వాస్తవం: తార్నాక దాటగానే హబ్సిగూడలో 1961లో ఏర్పాటైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉంది. వానలో ఎంత భాగం భూగర్భంలోకి ఇంకుతుందో అక్కడి శాస్త్రవేత్తలు ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ ఐసోటోపుతో కొలిచారు. వానాకాలానికి ముందు, సుమారు 70 సెంటీమీటర్ల లోతున ట్రిటియం కలిసిన నీటిని కొద్దిగా ఎక్కిస్తారు. వానలు వెళ్లాక అక్కడే పొరలు పొరలుగా మట్టి తీసి, ట్రిటియం ఎంత కిందికి జరిగిందో చూస్తారు. పైనుంచి ఇంకిన వాననీరే దాన్ని కిందికి నెట్టుతుంది కాబట్టి, ఆ దూరాన్నీ మట్టిలోని తేమనూ బట్టి ఇంకిన నీటి లెక్క తేలుతుంది. ట్రిటియం బీటా కిరణాలు చర్మాన్ని కూడా దాటలేవు. బోరు వెనక బోరు ఎండిపోయే మన గ్రానైట్ నేలల్లో ఏటా ఎంత తోడుకోవచ్చో చెప్పే ఇలాంటి లెక్క ప్రతి రైతుకూ చేరాలి.

అపోహ: కోబాల్ట్-60తో శుద్ధి చేసిన సిరంజిలో రేడియేషన్ మిగిలిపోతుంది.

వాస్తవం: కోబాల్ట్ సిరంజిని తాకనే తాకదు. దాని గామా కిరణాలు సూక్ష్మజీవులను చంపుతాయి. ప్లాస్టిక్‌ను రేడియోధార్మికంగా మార్చేంత శక్తి వాటికి లేదు. మొలకెత్తకుండా గామా కిరణాలు తగిలించిన ఉల్లిగడ్డలూ అంతే, వండుకుని నిశ్చింతగా తినవచ్చు.