వెబ్‌కు లెక్కలు రాయడం నేర్పిన మాథ్‌ఎంఎల్

పదో తరగతి లెక్కలు దాటిన వాళ్లెవరికైనా వర్గ సమీకరణం సూత్రం నోట్లో నానుతూనే ఉంటుంది. మాస్టారు బోర్డు మీద రాస్తూ పైకి చదివే తీరు కూడా గుర్తే: ‘‘మైనస్ బీ ప్లస్ ఆర్ మైనస్ రూట్ ఆఫ్ బీ స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ, హోల్ బై టూ ఏ.’’ చివర్లో ఆ ‘హోల్’ అనకపోతే టూ ఏతో భాగించాల్సింది ఒక్క ఫోర్ ఏసీనా, రూట్ మొత్తాన్నా, ముందున్న మైనస్ బీని కూడానా అన్నది వినేవాళ్లకు తేలదు. బోర్డు మీద చూసేవాళ్లకు ఆ సందేహం రాదు. భిన్నం గీత ఎంత దూరం సాగితే భాగహారం అంత మేరకు వర్తిస్తుంది. రూట్ గుర్తు మీది గీత ఎక్కడ ఆగితే వర్గమూలం అక్కడికే.

మామూలు వాక్యం ఒకే వరసలో పోతుంది. సమీకరణం పక్కకు సాగుతూనే పైకీ కిందికీ పెరుగుతుంది. ఆ పైకీ కిందికీ ఉండే అర్థాన్ని వెబ్ పేజీలో రాయడానికి ఏర్పరచిన ప్రమాణమే మాథ్‌ఎంఎల్. అది పుట్టింది 1998లో. క్రోమ్ బ్రౌజరులో దానికి స్థిరమైన చోటు దక్కింది 2023లో. శాస్త్రవేత్తల మధ్య పుట్టిన వెబ్‌లో వాళ్ల రాతకే చివరి బంతిలో గానీ విస్తరి పడలేదు.

అచ్చులో లెక్కలు కూర్చడం ఎప్పుడూ ఖరీదైన పనే. సీసం అచ్చుల కాలంలో ఒక్కో ఘాతాన్నీ, ఒక్కో భిన్నం గీతనూ ఓపిగ్గా అమర్చగల పనివాళ్లుండేవారు. ఫొటో కంపోజింగ్ వచ్చాక ఆ పనితనం వెనకబడింది. 1977లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు డొనాల్డ్ నూత్, తన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ రెండో సంపుటం కొత్త కూర్పు ప్రూఫులు చూసి, ఆ అక్షరాల తీరు నచ్చక, పుస్తకాలు కూర్చే ప్రోగ్రాము తానే రాయడానికి పూనుకున్నారు. అదే టెక్. తొలి రూపం 1978లో వచ్చింది. దాని మీద లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన లేటెక్ 1980ల నుంచి గణిత, భౌతికశాస్త్ర విభాగాల్లో రోజువారీ పనిముట్టయింది. అయితే టెక్ కాగితం కోసం పుట్టింది. కాగితం కొలత ముందే తెలుస్తుంది. వెబ్ పేజీ ఫోన్‌లో సన్నగా, కంప్యూటరులో వెడల్పుగా సర్దుకోవాలి. చదివేవారు అక్షరం పెంచుకుంటే సమీకరణం కూడా దానితోపాటు పెరగాలి.

టిమ్ బెర్నర్స్-లీ 1989లో జెనీవా దగ్గరి సెర్న్‌లో వెబ్‌ను ప్రతిపాదించినప్పుడు ఆయన చుట్టూ ఉన్నది భౌతికశాస్త్రవేత్తలే. అయినా తొలినాటి హెచ్‌టీఎంఎల్‌లో శీర్షికకు, పేరాకు, జాబితాకు గుర్తులున్నాయి, భిన్నానికి లేదు. 1995లో డేవ్ రాగెట్ రాసిన హెచ్‌టీఎంఎల్ 3.0 ముసాయిదాలో గణితానికి చోటిచ్చారు. ఆ ముసాయిదా ప్రమాణం కాకుండానే గడువు తీరిపోయింది. 1997 జనవరిలో వచ్చిన 3.2లో గణితం మాయమైంది.

ఈలోగా పాఠాలు ఆగవు కదా. బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో నికోస్ డ్రాకోస్ రాసిన ఒక ప్రోగ్రాము, లేటెక్ పత్రాన్ని వెబ్ పేజీగా మారుస్తూ సమీకరణాలను చిన్న చిన్న బొమ్మలుగా అతికించేది. అప్పటికి అదే గొప్ప వెసులుబాటు. కానీ పేజీలో అక్షరాలు పెంచితే బొమ్మ పెరగదు, బొమ్మనే సాగదీస్తే అంచులు చెదిరిపోతాయి. వాక్యం మధ్యలో పెడితే అక్షరాల వరసకు కాస్త పైనో కిందో వేలాడుతుంది. అందులో ఉన్నదాన్ని వెతకలేం, కాపీ చేసుకుని ఇంకో చోట లెక్క కట్టలేం. తెర మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో చదువుకునే అంధ విద్యార్థికి వినిపించేది ‘ఇమేజ్’ అన్న ఒక్క మాట.

వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ 1998 ఏప్రిల్‌లో మాథ్‌ఎంఎల్ 1.0ను ఆమోదించింది. ఇది గీత ఎక్కడ గీయాలో చెప్పదు, ఏది దేనిలో భాగమో చెబుతుంది. మన సూత్రాన్నే ఇందులో రాసి చూద్దాం. అన్నిటికన్నా వెలుపల ‘ఎంఫ్రాక్’ అనే గుర్తు, అంటే భిన్నం. దాని లోపల సరిగ్గా రెండే భాగాలుండాలి: మొదటిది లవం, రెండోది హారం. లవమంతా ‘ఎంరో’ అనే ఒక గుంపు. అందులో మైనస్ ఒక ‘ఎంఓ’, అంటే ఆపరేటర్. బీ ఒక ‘ఎంఐ’, అంటే రాశి పేరు. రూట్ వచ్చేసరికి దానికో గుర్తు తెరుచుకుని, ఫోర్ ఏసీ దాటాకే మూసుకుంటుంది. బీ స్క్వేర్‌కు ‘ఎంసప్’. దానికీ రెండే భాగాలు, కింద బీ, పైన 2. ఏది లవంలోకి వస్తుంది, ఏది రాదు అన్న సందేహానికి ఇక తావే లేదు.

ఫోర్ ఏసీలో ఏకీ సీకీ నడుమ కంటికి కనపడని ఒక అక్షరం పెట్టవచ్చు. యూనికోడ్‌లో దానికి సొంత సంఖ్య ఉంది. తెర మీద ఏ గీతా పడదు, కానీ ఇవి రెండు వేర్వేరు రాశులు, వీటిని గుణించాలి అని యంత్రానికి చెబుతుంది. ఎఫ్ పక్కన బ్రాకెట్లో ఎక్స్ ఉంటే అది ప్రమేయమా, ఎఫ్‌ను ఎక్స్‌తో గుణించడమా? ఆ తేడా చెప్పడానికి ఇంకో కనపడని అక్షరం ఉంది. ఈ ప్రమాణం మొత్తంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి ఈ రెండే. మాస్టారు గొంతుతో చెప్పే సంగతిని ఇవి రాతలో పెట్టాయి.

రాత పొడుగైన మాట నిజమే. లేటెక్‌లో ఒక్క వరసలో ముగిసే సూత్రానికి ఇందులో దాదాపు ఇరవై గుర్తులు పడతాయి. చేత్తో టైపు చేయడానికి కాక, ప్రోగ్రాములు ఇచ్చిపుచ్చుకోవడానికి దీన్ని తీర్చిదిద్దారు.

తెర మీద గీయడం మరో ఎత్తు. లోపలి భిన్నం పెద్దదైతే దాన్ని చుట్టిన బ్రాకెట్ కూడా పెరగాలి. ఊరికే సాగదీస్తే గీత లావెక్కి వికారంగా కనిపిస్తుంది. అందుకే గణితం ఫాంట్లలో ఒకే బ్రాకెట్ వేర్వేరు సైజుల్లో ఉంటుంది. అవీ చాలకపోతే అతికించుకోవడానికి ముక్కలుంటాయి: ఫ్లవర్ బ్రాకెట్‌కు పై కొస, నడిమి ముక్కు, కింది కొస, వాటి మధ్య ఎంతైనా పొడిగించగల నిలువు గీత. భిన్నం గీత ఏ ఎత్తున ఉండాలో, ఎంత మందం ఉండాలో కూడా ఫాంటే చెబుతుంది. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2007తో వచ్చిన కేంబ్రియా మాథ్ ఈ దారి చూపింది. శాస్త్ర పత్రికలు నడిపే సంఘాలు, ప్రచురణకర్తలు కలిసి చేయించిన స్టిక్స్ ఫాంట్లు 2010లో ఉచితంగా అందాయి.

బ్రౌజర్లలో ఈ పనిని ముందు భుజాన వేసుకున్నది స్వచ్ఛంద కార్యకర్తలు. మొజిల్లాలో మాథ్‌ఎంఎల్‌కు పునాది వేసింది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గణితవేత్త రోజర్ సిడ్జే. ఫైర్‌ఫాక్స్‌కు లెక్కలు రావడం అలాంటి వాళ్ల చలవే. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వాడేవాళ్లు మాథ్‌ప్లేయర్ అనే అదనపు ప్రోగ్రామును విడిగా పెట్టుకోవాల్సి వచ్చేది. క్రోమ్‌లో 2013 జనవరిలో వచ్చిన 24వ కూర్పులో మాథ్‌ఎంఎల్ కనిపించింది. వెంటనే తర్వాతి కూర్పులో, భద్రతా కారణాలతో తీసేశారు. ఆ కోడులోనూ స్వచ్ఛంద కార్యకర్తల కష్టం ఉంది. లోపాలు ఉన్నాయనడం సరే, వాటిని సరిదిద్దడానికి అంత పెద్ద కంపెనీ దగ్గర మనుషులు లేరంటే నేను ఒప్పుకోను. సమీకరణంతో వచ్చే ఆదాయం లేదు. అందుకే అది వరసలో ఎప్పుడూ వెనకే నిలబడింది.

ఆ ఎడారి కాలాన్ని దాటించింది మాథ్‌జాక్స్. న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో లెక్కలు చెప్పే డేవిడే సెర్వోనే అంతకు ముందే రాసుకున్న ఒక ప్రోగ్రాము దీనికి మూలం. 2009లో అమెరికన్ మేథమెటికల్ సొసైటీ, అనువర్తిత గణిత సంఘం సియామ్, గణిత సాఫ్ట్‌వేర్ సంస్థ డిజైన్ సైన్స్ కలిసి దీన్ని మొదలుపెట్టాయి. బ్రౌజరుకు గణితం రాకపోయినా, పేజీతో పాటు దిగే జావాస్క్రిప్ట్ సమీకరణాన్ని తానే కొలిచి, తానే గీస్తుంది. అధ్యాపకులు అలవాటైన లేటెక్‌లో రాస్తే చాలు. మూడుల్ లాంటి పాఠాల వేదికల్లో ఇదే ఉంటుంది. సమీకరణాలు వందల్లో ఉన్న పేజీలు మాత్రం నెమ్మదిస్తాయి.

చివరికి క్రోమ్‌లో ఆ లోటు తీర్చింది స్పెయిన్‌లోని ఆ కొరూన్యా పట్టణంలో ఉన్న ఇగాలియా. పనిచేసేవాళ్లే యజమానులుగా నడుపుకునే సంస్థ అది. శాస్త్ర ప్రచురణ రంగం నుంచి, దాతృత్వ సంస్థల నుంచి నిధులు సమకూర్చుకుని, క్రోమ్‌లో పేజీని తెర మీద గీసే భాగంలో గణితాన్ని మొదటి నుంచీ రాశారు. దానికి ముందు ప్రమాణాన్నే వడపోసి, అన్ని బ్రౌజర్లూ ఒకేలా అమలు చేయగల భాగాన్ని మాథ్‌ఎంఎల్ కోర్ పేరుతో వేరు చేశారు. 2023 జనవరిలో క్రోమ్ 109తో అది జనంలోకి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో, పరిశోధన పత్రాలను ఉచితంగా అందించే వెబ్‌సైటు ఆర్కైవ్, కొత్తగా వచ్చే పత్రాలను పీడీఎఫ్‌తో పాటు వెబ్ పేజీ రూపంలోనూ ఇవ్వడం మొదలుపెట్టింది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో బ్రూస్ మిల్లర్ తయారుచేసిన లేటెక్‌ఎంఎల్ ఆ మార్పిడి చేస్తోంది.

ఇంత శ్రమ ఎవరి కోసం అంటే, నాకు మొదట గుర్తొచ్చేది వినే చదువరులే. పుట్టుకతోనే చూపు లేని అమెరికన్ గణితవేత్త అబ్రహాం నెమెత్ లెక్కలకు బ్రెయిలీ లిపిని సమకూర్చారు. భిన్నం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో చెబుతూ సమీకరణాన్ని పైకి చదివే పద్ధతి కూడా ఏర్పరిచారు. పుణెలో పుట్టి, పద్నాలుగేళ్లకు చూపు కోల్పోయిన టి.వి.రామన్ 1994లో కార్నెల్‌లో సమర్పించిన పీహెచ్‌డీ పరిశోధన, లేటెక్ పత్రాన్ని గొంతుగా మార్చింది. ఘాతం వస్తే స్వరం పైకి, పాదసూచిక వస్తే కిందికి మారేది. ఇప్పుడు నీల్ సోయిఫర్ రాసిన మాథ్‌క్యాట్, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌కు తోడై, మాథ్‌ఎంఎల్‌ను చదివి వినిపిస్తుంది. ముందు మొత్తం విని, తర్వాత లవంలోకి, దానిలోని రూట్‌లోకి బాణం మీటలతో దిగి చూడవచ్చు.

మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి కోర్టుకెక్కి అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. చదివి గెలిచి, ఎంఐటీకి వెళ్లి, పరిశ్రమ స్థాపించారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక కోర్టు గడప తొక్కే అవసరం తగ్గాలి. కానీ చేతికిచ్చే నోట్సులో సమీకరణాలన్నీ ఫోటోలైతే సైన్సులో సీటు దొరికీ ఏం లాభం?

కాలేజీల్లో లెక్కలు, ఫిజిక్సు, ఇంజినీరింగు చెప్పే వాళ్లను నేను అడిగేది ఇదే. బోర్డు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపడంతో సరిపెట్టవద్దు. వర్డ్‌లో అయితే సమీకరణాన్ని ఈక్వేషన్ ఎడిటర్‌లోనే రాయండి, స్క్రీన్‌షాట్ అతికించవద్దు. ఆ ఫైలును పీడీఎఫ్‌గా మారిస్తే లోపలి నిర్మాణం చాలాసార్లు పోతుంది కాబట్టి వర్డ్ ఫైలు కూడా ఇవ్వండి. మూడుల్ ఉంటే అందులో లేటెక్‌లో రాయండి, మిగతాది మాథ్‌జాక్స్ చూసుకుంటుంది. ఎన్‌వీడీఏ దింపుకుని మీ నోట్సులోని ఒక సమీకరణాన్ని ఒక్కసారి విని చూడండి. ఈ సెమిస్టరులో ఒక్క యూనిట్‌తోనైనా మొదలుపెట్టండి.