ఎడారి దారి చదివిన స్టాన్లీ

డ్రైవర్ లేని వాహనాల కోసం అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 2004 మార్చిలో మొహావీ ఎడారిలో ఒక పందెం పెట్టింది. దూరం సుమారు 240 కిలోమీటర్లు, బహుమతి 10 లక్షల డాలర్లు. అన్నిటికంటే ముందుకెళ్లిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం బండి కూడా 12 కిలోమీటర్లు దాటకుండానే ఇరుక్కుపోయింది. మరుసటి ఏడాది అక్టోబరు 8న, రెట్టింపు బహుమతితో 212 కిలోమీటర్ల పందెం మళ్లీ జరిగింది. సెబాస్టియన్ థ్రన్ నాయకత్వంలో స్టాన్‌ఫర్డ్ బృందం తయారుచేసిన 'స్టాన్లీ' 6 గంటల 54 నిమిషాల్లో దాన్ని ముగించి గెలిచింది.

స్టాన్లీ ఫోక్స్‌వ్యాగన్ టువారెగ్ డీజిల్ బండి. టాపు మీది అయిదు లేజర్ సెన్సర్లు ముందున్న నేల ఎత్తుపల్లాలను కొలుస్తుంటాయి. చిక్కల్లా కుదుపులతోనే. బండి ముక్కు ఎంత వంగిందన్న లెక్క అర డిగ్రీ తప్పినా, 20 మీటర్ల అవతలి చదును నేల 17 సెంటీమీటర్ల గట్టులా కనిపిస్తుంది. లేని గట్టుకు బ్రేకు వేస్తూ పోయే బండి పందెం గెలవలేదు. ఎంత తేడా ఉంటే నిజమైన అడ్డంకి అన్నది ఊహించి రాస్తే కుదిరేది కాదు. అందుకే ముందు మనిషి చేత బండి నడిపించారు. చక్రాలు తొక్కిన నేలంతా పోదగ్గ దారి, దానికి కాస్త ఎడంగా రెండు పక్కలా ఉన్నది అడ్డంకి అనుకుని, ఆ తేడా హద్దును తనే నేర్చుకోమని ప్రోగ్రాముకు అప్పజెప్పారు. ఇది మోటు లెక్కే, అయినా పనిచేసింది. లేని అడ్డంకులను చూడడం 12.6 శాతం నుంచి 0.002 శాతానికి పడిపోయింది.

లేజర్ల చూపు పాతిక మీటర్లకు మించి ఆనదు. అంతకంటే దూరం చూడాలంటే కెమెరా కావాలి. కానీ ఎండ వాలినా, మట్టి మారినా దారి రంగు మారిపోతుంది కాబట్టి, ముందే నేర్పిన రంగు అక్కరకు రాదు. స్టాన్లీ దారిలోనే నేర్చుకుంది. లేజర్లు బాగుందని తేల్చిన దగ్గరి నేల ఏ రంగులో ఉందో కెమెరా గమనించి, ఆ రంగు ఎంత దూరం సాగిందో వెతికేది. నడిచినంతసేపూ ఆ పాఠం మార్చుకుంటూనే ఉండేది. అయినా కెమెరా మాట విని స్టీరింగు తిప్పనివ్వలేదు, వేగం పెంచడానికే వాడుకున్నారు. ఆ జాగ్రత్త మెచ్చుకోదగ్గది. దూరపు దారి తేటగా కనిపించకపోతే బండి గంటకు 40 కిలోమీటర్లకు తగ్గేది.

ఇంతా చేసి ఆ దారిలో పాదచారులు లేరు, కూడళ్లు లేవు. ఎటు వెళ్లాలో చెప్పే జీపీఎస్ గుర్తులు కూడా పందేనికి రెండు గంటల ముందే చేతికందాయి. 2007లో విక్టర్‌విల్‌లోని పాత వైమానిక స్థావరం వీధుల్లో, వేరే బండ్ల మధ్య పోటీ పెట్టినప్పుడు కార్నెగీ మెలన్ వారి 'బాస్' గెలిచింది, స్టాన్‌ఫర్డ్ వారి 'జూనియర్' రెండో స్థానంలో నిలిచింది. అక్కడ నేలను చదవడంతో పాటు, ఎదుటి బండి ఏం చేయబోతోందో కూడా అంచనా వేయాల్సి వచ్చింది.